ఆపినా ఆగని వేడి

కట్టెల పొయ్యి ఆర్పాలంటే కట్టె వెనక్కి లాగుతాం. గ్యాసు పొయ్యికి మర తిప్పితే చాలు. రామగుండంలోనో ఇబ్రహీంపట్నంలోనో బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రమైనా అంతే. బాయిలర్‌లోకి బొగ్గుపొడి పోవడం ఆగితే మంట ఆగుతుంది, కాసేపటికి అంతా చల్లబడుతుంది. నిప్పును మచ్చిక చేసుకున్న నాటి నుంచి మనిషి నేర్చుకున్న మొదటి పాఠం ఇదే: ఇంధనం అందకపోతే మంట ఉండదు. అణు రియాక్టర్ ఈ పాఠానికి లొంగదు. అక్కడ మీట నొక్కి అణు చర్యను ఆపడం రెండు మూడు సెకన్ల పని. చర్య ఆగుతుంది గాని వేడి ఆగదు. ఆ మిగిలిన వేడి గంటలు, రోజులు, నెలల తరబడి పుడుతూనే ఉంటుంది. దాన్ని ఎవరో ఒకరు, ఏదో ఒక విధంగా, ఎడతెగకుండా బయటికి తోడుతూ ఉండాలి. అణు విద్యుత్తు గురించి మన దగ్గర జరిగే వాదాలన్నీ బాంబు చుట్టూ, కిరణాల చుట్టూ, విదేశీ ఒప్పందాల చుట్టూ తిరుగుతాయి. ఈ మిగులు వేడి మాట చాలా అరుదుగా వినిపిస్తుంది. కానీ జరిగిన పెద్ద ప్రమాదాలను ఒకటొకటిగా విప్పి చూస్తే కథ తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది. రియాక్టర్ భద్రంగా ఉందా అన్న ప్రశ్నకు అసలు అర్థం, అది ఆగిపోయాక దానికి నీళ్లు అందుతాయా అన్నదే.

ఆ వేడి ఎక్కడిదో తెలియాలంటే కేంద్రకం దగ్గర మొదలుపెట్టాలి. న్యూట్రాన్ తగిలితే యురేనియం కేంద్రకం రెండుగా చీలుతుందని 1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఒట్టో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ చేసిన రసాయన పరీక్షల్లో బయటపడింది. తాము చూసింది వాళ్లకే నమ్మబుద్ధి కాలేదు. నాజీల బారి నుంచి తప్పించుకుని స్వీడన్ చేరిన లీజ మైట్నర్, ఆమె అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్ కలిసి దాని అర్థం విడమరిచారు. చీలిన రెండు ముక్కలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ మహావేగంతో దూసుకుపోయి, మిల్లీమీటరులో నూరో వంతు దూరంలోనే ఇంధనంలో ఇరుక్కుని ఆగిపోతాయి. ఆ వేగమంతా వేడిగా మారుతుంది. ఒక్క గ్రాము యురేనియం-235 పూర్తిగా ఇలా చీలితే ఇంచుమించు ఒక మెగావాటు చొప్పున రోజంతా వేడి వస్తుంది. అంత వేడికి సింగరేణి బొగ్గయితే నాలుగైదు టన్నులు కావాలి. అయితే ఈ వేడంతా ఒక్కసారే చేతికి రాదు. నూటికి తొంభైమూడు పాళ్లు రొక్కం, తక్కిన ఏడు పాళ్లు అరువు. చీలిన ముక్కల్లో న్యూట్రాన్లు ఉండవలసినదానికన్నా ఎక్కువగా ఉంటాయి. ఆ అసమతూకం తీరేదాకా అవి బీటా, గామా కిరణాలు వెలువరిస్తూ ఒక మూలకం నుంచి ఇంకో మూలకంగా మారుతూ పోతాయి. కొన్ని క్షణాల్లో కుదుటపడతాయి. అయోడిన్-131 లాంటివాటి అర్ధాయువు ఎనిమిది రోజులు, సీజియం-137కు ముప్పై ఏళ్లు. ప్రతి మార్పులోనూ కొంత వేడి పుడుతుంది. ఈ బాకీని అణువు తన వాయిదాల ప్రకారమే తీరుస్తుంది. మనం చల్లబరిచినా, ఒత్తిడి పెట్టినా, ఆసిడ్‌లో కరిగించినా ఆ వాయిదా ఒక్క క్షణం కూడా ముందుకీ వెనక్కీ జరగదు.

ఇందులో ఒక విశేషం ఉంది. రియాక్టర్‌ను మనిషి అదుపులో పెట్టుకోగలగడానికి కూడా ఈ అరువు గుణమే కారణం. ఒక్కో చీలికలో సగటున రెండున్నరకు కాస్త తక్కువగా న్యూట్రాన్లు పుడతాయి. వాటిలో సరిగ్గా ఒకటి మరో కేంద్రకాన్ని చీలిస్తే గొలుసు చర్య నిలకడగా సాగుతుంది. ఒకటికి మించితే పెరుగుతుంది, తగ్గితే చచ్చిపోతుంది. న్యూట్రాన్ల తరానికీ తరానికీ మధ్య ఎడం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అన్నీ అంత వేగంగా పుట్టేవే అయితే కన్ను మూసి తెరిచేలోగా శక్తి ఎన్నో రెట్లు పెరిగిపోయేది, ఏ యంత్రమూ నియంత్రణ కడ్డీలను అంత వేగంగా కదపలేదు. కానీ వెయ్యింటిలో ఆరేడు న్యూట్రాన్లు ఆ చీలిన ముక్కల్లోంచి తీరిగ్గా, కొన్ని సెకన్ల తర్వాత వస్తాయి. ఆ కొద్దిపాటి ఆలస్యమే పగ్గం. 1942 డిసెంబరు 2న షికాగోలో ఎన్రికో ఫెర్మి మొదటి రియాక్టర్‌ను కడ్డీలు ఒక్కొక్క అడుగు బయటికి లాగిస్తూ నింపాదిగా నడిపించగలిగాడంటే ఆ ఆలస్యం వల్లనే. నడుస్తున్నంతసేపూ పగ్గంగా పనికొచ్చిన గుణమే ఆపిన తర్వాత వేడి రూపంలో వెంటాడుతుంది. ఒకటి ఉంచుకుని రెండోది వదులుకునే వీలు లేదు. ఇక బాంబు భయం సంగతి. సహజ యురేనియంలో చీలే యురేనియం-235 నూటికి 0.7 పాళ్లే. చాలా రియాక్టర్లలో దాన్ని 3 నుంచి 5 శాతానికి పెంచుతారు, మన భారజల రియాక్టర్లలో అదీ లేదు. బాంబుకు 90 శాతం దాకా కావాలి. విద్యుత్ రియాక్టర్ అణుబాంబులా పేలదు. ఇది ఊరడింపు కోసం చెప్పే మాట కాదు, భౌతికశాస్త్రం. కాకపోతే ఆ భయం తీరగానే ఇక భయమే లేదనుకోవడం పొరపాటు.

ఈ మిగులు వేడి ఎంతో లెక్క వేసి చూద్దాం. వెయ్యి మెగావాట్ల విద్యుత్తు ఇచ్చే రియాక్టర్‌లో పుట్టే వేడి దాదాపు మూడు వేల మెగావాట్లు. మూడింట ఒక వంతే కరెంటవుతుంది, తక్కినది సముద్రంలోకో గాలిలోకో పోతుంది. చర్యను ఆపిన క్షణాన వేడి మూడు వేల నుంచి రెండు వందలకు పడుతుంది. గంటకు నలభై మెగావాట్ల చుట్టుపక్కలకు, ఒక రోజుకు పదిహేనుకు, వారానికి ఎనిమిదికి దిగుతుంది. నెల గడిచినా నాలుగు మెగావాట్లు ఉంటుంది. శాతాల్లో చూస్తే ఒక రోజు తర్వాత మిగిలింది అర శాతమే, ఏమంత లెక్కలోది కాదనిపిస్తుంది. దాన్ని నీళ్ల భాషలో చెప్పుకుంటే తీవ్రత తెలుస్తుంది. మామూలు నీటిని మరిగించి ఆవిరి చేయడం ద్వారా పదిహేను మెగావాట్ల వేడిని తీసేయాలంటే నిమిషానికి మూడు వందల యాభై లీటర్లు కావాలి. రోజుకు ఐదు వందల టన్నులు. వేసవిలో మన నగరాల్లో తిరిగే పదివేల లీటర్ల ట్యాంకర్లు యాభై అన్నమాట. అదీ ఆపిన మర్నాటి లెక్క. మొదటి గంటల్లో అంతకు రెండు మూడు రెట్లు కావాలి. ఎడతెగకుండా కావాలి. సాయంత్రం తెస్తామంటే కుదరదు. మామూలు రోజుల్లో ఈ పని పెద్ద పెద్ద విద్యుత్ పంపులు చేస్తాయి. ఆ పంపులకు కరెంటు కావాలి. రియాక్టర్ ఆగిపోయింది కాబట్టి దాని సొంత కరెంటు ఉండదు, బయటి గ్రిడ్ నుంచి తెచ్చుకోవాలి. గ్రిడ్ పోతే డీజిల్ జనరేటర్లు. అవీ పోతే బ్యాటరీలు కొన్ని గంటలు. రాష్ట్రానికి కరెంటు ఇచ్చే కేంద్రం తన ప్రాణం కాపాడుకోవడానికి కరెంటు కోసం మరొకరి మీద ఆధారపడుతుంది.

నీళ్లు అందకపోతే ఏమవుతుందో అంచెలంచెలుగా తెలిసిన విషయమే. ఇంధనం వేలి కొసంత గుళికలుగా, జిర్కోనియం మిశ్రలోహపు సన్నని గొట్టాల్లో ఉంటుంది. మన దేశపు రియాక్టర్లలో చాలావాటికి ఈ గుళికలు, గొట్టాలు తయారయ్యేది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో. భారజలం గోదావరి ఒడ్డున మణుగూరులోనూ తయారవుతుంది. యురేనియం ఖనిజం కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వుతున్నారు. తెలుగు నేల మీద అణు విద్యుత్ కేంద్రం ఇంకా లేకపోయినా ఆ కేంద్రాలకు కావలసిన సరుకులు చాలావరకు ఇక్కడివే. జిర్కోనియాన్ని ఎంచుకోవడానికి కారణం అది న్యూట్రాన్లను మింగదు, మూడు వందల డిగ్రీల నీటిలో ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. కానీ పన్నెండు వందల డిగ్రీల దగ్గర దాని స్వభావం మారిపోతుంది. నీటి ఆవిరిలోంచి ఆక్సిజన్‌ను లాక్కుని తానే మండినంత వేడి పుట్టిస్తుంది, హైడ్రోజన్‌ను వదిలేస్తుంది. అంటే నీళ్లు తగ్గిన రియాక్టర్‌లో అణువుల వేడికి రసాయనిక వేడి తోడవుతుంది, పైగా పేలుడు వాయువు పోగవుతుంది. దాదాపు 2,800 డిగ్రీల దగ్గర ఇంధనమే కరిగి కిందికి జారుతుంది. గొట్టం, ఉక్కు పాత్ర, కాంక్రీటు గోపురం, ఇలా ఒకదాని మీద ఒకటి కట్టిన గోడలన్నిటినీ లోపలి నుంచి కొట్టేది ఈ ఒక్క వేడే.

1979 మార్చి 28 తెల్లవారుజామున అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ రెండో రియాక్టర్‌లో ఇదే జరిగింది. పంపులు ఆగాయి, రియాక్టర్ దానంతటదే వెంటనే ఆగిపోయింది. అక్కడితో ప్రమాదం ముగియాలి. కానీ ఒత్తిడి తగ్గించడానికి తెరుచుకున్న వాల్వ్ మళ్లీ మూసుకోలేదు. కంట్రోల్ రూములో దీపం మాత్రం మూసుకుందన్నట్టే చూపించింది. ఆ దీపం మూసుకొమ్మన్న ఆదేశం వెళ్లిందని చెబుతుందే తప్ప వాల్వ్ నిజంగా మూసుకుందో లేదో చెప్పదు. రియాక్టర్ గర్భంలో నీళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయో చూపే పరికరమే లేదు. నీళ్లు మితిమీరి ఉన్నాయనుకుని ఆపరేటర్లు, సరిగ్గా పనిచేస్తున్న అత్యవసర పంపులను చేజేతులా తగ్గించారు. ఇంధనంలో దాదాపు సగం కరిగింది. కాంక్రీటు గోపురం నిలబడింది కాబట్టి చుట్టుపక్కల జనానికి అందిన రేడియోధార్మికత చాలా స్వల్పం. ఈ ఘటనను సాధారణంగా మానవ తప్పిదం అంటారు. ఆ మాట అన్యాయంగా ఉంటుంది. ఆగిపోయిన రియాక్టర్ ఇక ప్రమాదకరం కాదన్న ధీమా ఆ పరికరాలను అమర్చిన ఇంజినీర్లలోనే ఉంది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు అది వారసత్వంగా వచ్చింది.

చెర్నోబిల్ ఈ వాదానికి లొంగదు కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. 1986 ఏప్రిల్ 26 రాత్రి అక్కడ పేలింది ఆగిన రియాక్టర్ కాదు, అదుపు తప్పి ఎగసిన రియాక్టర్. ఆ సోవియట్ నమూనాలో నీళ్లు ఆవిరైపోయే కొద్దీ గొలుసు చర్య పెరుగుతుంది. చర్యను ఆపాల్సిన కడ్డీల కొసలకు గ్రాఫైట్ ఉండటంతో అవి లోపలికి దిగిన మొదటి క్షణాల్లో చర్యను ఇంకా ఎగదోశాయి. కాంక్రీటు గోపురం అసలే లేదు. మిగతా ప్రపంచంలో వాడే రియాక్టర్లలో ఈ మూడు లోపాలూ ఒకచోట కలిసి ఉండవు. (మన భారజల రియాక్టర్లలోనూ మొదటి గుణం కొద్ది మోతాదులో ఉంది, అందుకే వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వేగంగా ఆపే రెండు ఏర్పాట్లు పెట్టారు.) కానీ ఆ రాత్రి అక్కడ జరుగుతున్న పరీక్ష ఏమిటో చూడండి. బయటి కరెంటు పోయిన క్షణం నుంచి డీజిల్ జనరేటర్లు అందుకునేదాకా పట్టే నిమిషంపాటు, ఆగిపోతున్న టర్బైన్‌లో మిగిలిన ఊపుతో నీళ్ల పంపులను నడపగలమా అన్నదే ఆ పరీక్ష. అంటే మిగులు వేడిని చల్లార్చే మార్గం కోసమే దాన్ని తలపెట్టారు. ఆ వేడికి భయపడటం సరైనదే. దానికి జవాబును ప్రయోగశాలలో, నమూనా దశలో వెతకకుండా, పూర్తి ఇంధనంతో నడుస్తున్న రియాక్టర్ మీద, భద్రతా ఏర్పాట్లు ఆపేసి, అర్ధరాత్రి వెతకడం ఘోరం. పేలుడుతో రేడియోధార్మిక అయోడిన్ గాలిలో కలిసింది. దాని నుంచి కాపాడటానికి పక్కనే ఉన్న పోలండ్ కోటి మందికి పైగా పిల్లలకు అయోడిన్ మందు తాగించింది. సోవియట్ గ్రామాల్లో పిల్లలు కలుషితమైన పాలు తాగుతూనే ఉన్నారు, వాళ్లలో వేలమందికి తర్వాత థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది.

ఫుకుషిమా దగ్గరికి వస్తే వాదం పూర్తిగా బయటపడుతుంది. 2011 మార్చి 11 మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకు తొమ్మిది తీవ్రతతో భూకంపం వచ్చింది. నడుస్తున్న మూడు రియాక్టర్లూ అనుకున్నట్టే ఆగిపోయాయి. గ్రిడ్ తెగింది, డీజిల్ జనరేటర్లు అనుకున్నట్టే అందుకున్నాయి. యాభై నిమిషాల తర్వాత పద్నాలుగు పదిహేను మీటర్ల ఎత్తున సునామీ వచ్చి, నేలమాళిగల్లో పెట్టిన జనరేటర్లను, స్విచ్ బోర్డులను ముంచేసింది. అక్కడి నుంచి మూడు రియాక్టర్ల ఇంధనం ఒకదాని వెనక ఒకటి కరిగింది, హైడ్రోజన్ పేలుళ్లు భవనాల పైకప్పులను ఎగరగొట్టాయి. పన్నెండో తేదీన ఒకటో రియాక్టర్ పేలినప్పుడు ఎగిరిపడిన శకలాలు, రెండో రియాక్టర్‌కు ప్రాణం పోయడానికి అప్పుడే కష్టపడి వేసిన కేబుల్‌ను తెంచేశాయి. ఒకే ఆవరణలో వరసగా రియాక్టర్లు కడితే ఒకరి ఆపద పక్కవారి చేతులు కట్టేస్తుందని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఐదో, ఆరో నంబరు రియాక్టర్లను కాపాడింది కాస్త ఎత్తున, గాలితో చల్లబడే ఒకే ఒక్క డీజిల్ జనరేటర్. ప్రకృతి వైపరీత్యం ముందు ఎవరేం చేయగలరని అనేవాళ్లకు జవాబు జపాన్ తీరంలోనే ఉంది. భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరగా ఉన్న ఒనగావా అణు కేంద్రానికి పదమూడు మీటర్ల అల తగిలింది. యానోసుకే హిరాయి అనే ఇంజినీరు పాత సునామీల చరిత్ర చూపి పట్టుబట్టడంతో ఆ కేంద్రాన్ని దాదాపు పదిహేను మీటర్ల ఎత్తున కట్టారు. అది క్షేమంగా ఆగింది, ఇళ్లు కొట్టుకుపోయిన చుట్టుపక్కల జనం వచ్చి దానిలోనే తలదాచుకున్నారు. ఫుకుషిమా కేంద్రం యజమానులు 2008లోనే పదిహేను మీటర్లు దాటే అల రావచ్చని తమ సొంత లెక్కల్లో తేల్చుకుని పక్కన పెట్టారు. జపాన్ పార్లమెంటు నియమించిన విచారణ సంఘం దీన్ని మనుషులు తెచ్చిపెట్టిన విపత్తు అనే తేల్చింది. ఇప్పటికీ అక్కడ దాదాపు 880 టన్నుల కరిగిన ఇంధన శిథిలాలు ఉన్నాయి. 2024 నవంబరులో వాటిలోంచి పరీక్ష కోసం మొదటిసారి బయటికి తీయగలిగిన ముక్క బరువు ఒక గ్రాముకన్నా తక్కువ.

మన దేశంలో ఇలాంటిది జరగలేదు అనే మాట తరచు వింటాం. ఇంచుమించు జరిగింది. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా మొదటి రియాక్టర్ టర్బైన్‌లో రెక్కలు విరిగాయి. ఆ అదురుకు జనరేటర్‌ను చల్లబరిచే హైడ్రోజన్ కారి అంటుకుంది, మంట కేబుళ్ల వెంట పాకింది. అసలు సరఫరా కేబుళ్లు, ఆపద్ధర్మ సరఫరా కేబుళ్లు పక్కపక్కనే వేసి ఉండటంతో రెండూ కాలిపోయాయి. అమెరికాలోని బ్రౌన్స్ ఫెర్రీ కేంద్రంలో 1975లో గాలి ఎక్కడ కారుతోందో చూడటానికి ఒక పనివాడు వెలిగించిన కొవ్వొత్తి వల్ల కేబుళ్లు అంటుకుని ఇదే పాఠం చెప్పాయి. పద్దెనిమిదేళ్లయినా ఆ పాఠం నరోరా గోడల దాకా రాలేదు. దాదాపు పదిహేడు గంటలు కేంద్రంలో కరెంటు లేదు. కంట్రోల్ రూము పొగతో నిండిపోయి మనుషులు బయటికి రావలసి వచ్చింది. ఆపరేటర్లు రియాక్టర్‌ను నిమిషం లోపే ఆపారు. టార్చిలైట్లు పట్టుకుని పైకి ఎక్కి, చేత్తో వాల్వులు తిప్పి, గొలుసు చర్య మళ్లీ రాజుకోకుండా బోరాన్ ద్రావణం వదిలారు. మంటలార్పడానికి పెట్టిన డీజిల్ పంపులతో ఆవిరి జనరేటర్లకు నీళ్లు ఎక్కించారు. రియాక్టర్ లోపలి భారజలం పంపులు లేకపోయినా వేడి-చల్లదనాల తేడాతో తనంతట తాను తిరుగుతూ వేడిని మోసుకొచ్చింది. ఇంధనం చెక్కుచెదరలేదు, రేడియోధార్మికత బయటికి రాలేదు. ఆ రాత్రి పనిచేసినవాళ్ల పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఉండవలసింది. అయితే ఈ ఘటనను మన రియాక్టర్లు ఎంత భద్రమో చెప్పడానికి వాడుకోవడం సరికాదు. మంచి నమూనా, మంచి మనుషులు, ఆ రోజు నిండుగా ఉన్న అగ్నిమాపక నీళ్లు, ఈ మూడూ కలిసొచ్చాయి. మొదటి రెండింటిని కోరి తెచ్చుకోవచ్చు. మూడోది ఎవరో రోజూ తనిఖీ చేస్తేనే ఉంటుంది.

ఇక బలమైన ఆక్షేపణ మరొకటి. బొగ్గు చంపినంతమందిని అణు విద్యుత్తు చంపలేదు. ఇది నిజం, దాచాల్సిన అవసరం లేదు. చెర్నోబిల్‌లో పేలుడుకు, తీవ్రమైన రేడియేషన్ జబ్బుకు ఆ సంవత్సరం పోయినవాళ్లు ముప్పై మంది. ఎక్కువ కిరణాలు సోకిన ఆరు లక్షల మందిలో దీర్ఘకాలంలో నాలుగు వేల దాకా మరణాలు ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పుట్టించిన విద్యుత్తుతో పోల్చి లెక్కగడితే బొగ్గు పొగ తీసే ప్రాణాలు అంతకు వందల రెట్లు. బొగ్గు మరణాలు బూడిదలో, ఉబ్బసంలో, గుండెజబ్బులో కలిసిపోతాయి కాబట్టి మన కంటికి ఆనవు. పైగా భూతాపం. ఫుకుషిమాలోనూ రేడియేషన్ వల్ల పోయినట్టు ప్రభుత్వం గుర్తించింది ఒక్కరినే, కానీ ఊళ్లు ఖాళీ చేయడంలో, తర్వాతి అవస్థల్లో ఆ ఒక్క రాష్ట్రంలోనే పోయినవాళ్లు రెండు వేలు దాటారు. ఆసుపత్రుల నుంచి తరలించిన వృద్ధులు బస్సుల్లోనే ప్రాణాలు వదిలారు. ఈ అంకెలన్నీ ఒప్పుకున్నాక కూడా నేను అనేది ఇది. సగటు మరణాల లెక్క, ప్రమాదం జరగకుండా ఆపినవాళ్ల శ్రమ ఫలితం. ఆ శ్రమ మానేయడానికి దాన్ని సాకుగా చూపకూడదు. తూకంలో ప్రాణాలే కాక నేల కూడా ఉంది. ఫుకుషిమాలో దాదాపు లక్షా అరవై వేల మంది ఇళ్లు విడిచారు. ఇరవై కిలోమీటర్ల వలయం గీస్తే గాలి దాన్ని పట్టించుకోలేదు, వాయవ్యంగా ఇంకా దూరాన ఉన్న ఇతాతే గ్రామం ఆరు వారాల తర్వాత ఖాళీ కావలసి వచ్చింది. మన తీర ప్రాంతాల జనసాంద్రతకు ఈ దృశ్యాన్ని అన్వయించి చూసుకుంటే, బొగ్గుతో పోలిక మీదే నిశ్చింతగా కూర్చోవడం సాధ్యం కాదు.

కొత్త రియాక్టర్లలో ఈ సమస్య తీరిపోయిందన్నది చివరి వాదన, అన్నిట్లోకీ ఆలోచించదగ్గది కూడా. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కట్టదలచిన ఏపీ-1000 రియాక్టర్ ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు, మొత్తం ఆరు. వాటి భద్రతకు ఆధారం పంపుల్లేని చల్లదనం. రియాక్టర్ భవనం నెత్తిన ఇంచుమించు మూడు వేల టన్నుల నీళ్ల ట్యాంకు ఉంటుంది. కరెంటు మొత్తం పోతే వాల్వులు వాటంతటవే తెరుచుకుని నీళ్లు ఉక్కు గోపురం మీదుగా జాలువారతాయి, గాలి ఆవిరిని మోసుకుపోతుంది. మూడు రోజులు ఏ మనిషీ ముట్టుకోనక్కర్లేదు. ఇది ఇంజినీరింగ్‌లో గొప్ప ముందడుగు. నరోరాలో భారజలం చేసిన సాయాన్ని ఇక్కడ ముందే ఆలోచించి కట్టారు. కానీ ఫుకుషిమా ఒకటో రియాక్టర్‌లోనూ కరెంటు అక్కర్లేని చల్లార్పు ఏర్పాటు ఒకటి ఉంది. బ్యాటరీ సరఫరా పోయినప్పుడు దాని వాల్వులు మూసుకుపోయాయి, అది పనిచేస్తోందనే నమ్మకంతో విలువైన గంటలు గడిచిపోయాయి. అందుచేత పంపుల్లేని ఏర్పాటు అన్న పేరు చాలదు, ప్రతి వాల్వ్ ఏ స్థితిలో ఆగుతుందో చూడాలి. ఇక మూడు రోజుల తర్వాత? ఆవరణలోనే ఉన్న మరో ట్యాంకు నుంచి చిన్న పంపులతో నీళ్లు పైకి ఎక్కించి ఏడో రోజు దాకా లాగవచ్చు. ఆ తర్వాత బయటి నుంచి రావాలి. అప్పటికీ మిగులు వేడి తీరదు. మూడో రోజు ముగిసేసరికి ఒక్కో రియాక్టర్‌కు రోజుకు నాలుగు వందల టన్నుల చొప్పున, ఆరింటికీ ఒకేసారి ఆపద వస్తే ఇంచుమించు రెండు వేల నాలుగు వందల టన్నుల నీళ్లు నెత్తికి ఎక్కించాలి. ఆ తీరం సంగతి మనకు తెలియనిది కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని తాకినప్పుడు స్తంభాలు కూలి, చెట్లు రోడ్లకడ్డంపడి, రోజుల తరబడి కరెంటు లేక జనం అల్లాడారు. తుపాను రియాక్టర్‌ను పడగొట్టదు. గ్రిడ్‌ను, దారిని, డీజిల్ లారీని పడగొడుతుంది. 2004 డిసెంబరులో సునామీ కల్పాక్కం అణు కేంద్రపు పంపుహౌసును ముంచినప్పుడు అక్కడి రియాక్టర్ క్షేమంగా ఆగింది, ఎందుకంటే ముఖ్యమైన యంత్రాలు ఎత్తున ఉన్నాయి. ఎత్తు ఎంత ఉండాలన్నది కాగితం మీద నిర్ణయమయ్యే రోజునే భద్రత సగం నిర్ణయమైపోతుంది.

తక్కిన సగం మనుషులది, సంస్థలది. ఉక్రెయిన్‌లోని జపోరీజియాలో ఆరు రియాక్టర్లూ 2022 సెప్టెంబరు నుంచి విద్యుత్తు ఇవ్వడం లేదు. అయినా యుద్ధంలో గ్రిడ్ తీగ తెగినప్పుడల్లా ప్రపంచం ఊపిరి బిగపట్టింది. 2023 జూన్‌లో కఖోవ్కా ఆనకట్ట కూలి జలాశయం ఎండిపోయినప్పుడు బావులు తవ్వి నీళ్లు తెచ్చుకోవలసి వచ్చింది. ఒక్క యూనిట్ కరెంటు అమ్మకపోయినా ఆ కేంద్రాన్ని రాత్రింబగళ్లు కనిపెట్టుకుని ఉండాలి. దశాబ్దాలపాటు అలా కనిపెట్టుకుని ఉండగలిగే క్రమశిక్షణ కావాలంటే, కేంద్రాన్ని నడిపేవారికి ఎదురు చెప్పగల నియంత్రణ సంస్థ కావాలి. మన అణుశక్తి నియంత్రణ మండలి 1983లో ఏర్పడింది. 2012లో కాగ్ నివేదిక దాని గురించి రాసినవి చదివితే బాధ కలుగుతుంది. నిబంధనలు చేసే అధికారమూ, ప్రభుత్వానికి దూరంగా నిలబడే స్థానమూ ఆ సంస్థకు అప్పటికి లేవని, రేడియేషన్ భద్రతా నియమాలు ఉల్లంఘిస్తే వేయగల జరిమానా ఐదు వందల రూపాయలని ఆ నివేదిక ఎత్తిచూపింది. ఆ సంస్థలో సమర్థులైన శాస్త్రవేత్తలు లేరని కాదు. ఫుకుషిమా యజమానులకూ సమర్థులైన ఇంజినీర్లు ఉన్నారు, పదిహేను మీటర్ల అల లెక్క వేసింది వాళ్లే. ఆ లెక్కను పక్కన పెట్టినప్పుడు అడ్డుకోగల అధికారి లేకపోవడమే అక్కడి కొరత.

అణు విద్యుత్తును ఒద్దని కొట్టిపారేయడానికి ఈ కారణాలు చాలవని నా అభిప్రాయం. ఆ వేడిని చల్లార్చడం సాధ్యమేనని ఒనగావా, నరోరా రుజువు చేశాయి. కళ్లు మూసుకుని సరేననడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. అందుకని శ్రీకాకుళం తీరంలో గాని, మరే ఊళ్లో గాని ప్రజాభిప్రాయ సేకరణ జరిగే రోజున బాంబు గురించి, ఉద్యోగాల గురించి, నష్టపరిహారం గురించి అడగవలసినవి అడగండి. వాటితోపాటు ఈ ఒక్క ప్రశ్న కూడా వేయండి: గ్రిడ్ కూలి, రోడ్లు తెగి, అన్ని రియాక్టర్లూ ఒకేసారి ఆగిన నాలుగో రోజున, ఎనిమిదో రోజున, ముప్పయ్యో రోజున నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఏ పంపుతో ఎక్కుతాయి, దానికి డీజిల్ ఎక్కడ దాచారు, ఆ పంపును చివరిసారి నడిపి చూసింది ఎప్పుడు? జవాబు కాగితం మీద, లెక్కలతో, సంతకంతో ఇమ్మనండి.